తలకిందుల లూనా

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందుల్లో పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలు ఒకదాని భుజం మీద మరొకటి ఎక్కి కూర్చున్న ఈ కాలంలో, అక్కడ ఒకప్పుడు గుంట మగ్గం ఆడేదంటే నమ్మేవాళ్ళు తక్కువ. నమ్మనివాళ్ళను తప్పు పట్టడానికీ లేదు. వాళ్ళ పుస్తకాల్లో చంద్రుడి మీద మొదట కాలు పెట్టినవాడి పేరుంటుంది. అంతకు ముందు పదేళ్ళపాటు అక్కడికి పోయి, గుద్దుకుని, ముక్కలై, మూగబోయిన యంత్రాల ఊసుండదు. అటువంటి యంత్రాన్ని బట్ట మీదికి దించబోయిన మనిషి ఊసు అసలే ఉండదు. ఆ మనిషి పేరు సిద్ధిరాములు.

పోచంపల్లిలో పుట్టాడు. మాటల్లో మొద్దు, పనిలో సూది. నేతకు ముందే నూలుపోగులను గుత్తులుగా చేర్చి, రంగు అంటకూడని చోట బిగించి కట్టి, రంగులో ముంచి, ఆరాక ముడులు విప్పితే, ఏ పోగులో ఎక్కడ ఏ రంగుండాలో అక్కడ అది నిలుస్తుంది. ఆ పోగులు మగ్గం మీద పక్కపక్కన చేరినప్పుడు పువ్వో చిలుకో తేలుతుంది. ఈ కట్టుడు పనిని అక్కడివాళ్ళు చిటికి అంటారు. సిద్ధిరాములు చిటికి కడితే ఆ ఊరి ముసలివాళ్ళు కూడా కళ్ళద్దాలు పెట్టుకుని చూసేవారు.

ఒకసారి అతడు తన బుర్రలోంచి ఒక కొత్త నమూనా తీశాడు. రుమాలు నిండా గోడగడియారాలు. ఆ రుమాలు ఢిల్లీ ప్రదర్శనకు పోయింది, మెప్పు పొందింది, పత్రికలో బొమ్మ పడింది. బొమ్మలో రుమాలును రెండు చేతులా పట్టుకుని నవ్వుతున్నది నూలిచ్చి నేయించుకునే షావుకారు. కింద వేసిన పేరూ ఆయనదే. ఆ కత్తిరింపు నేటికీ చెక్కుచెదరకుండా ఉంది, అనుమానమున్నవారు చూడవచ్చు. అందులో వెతికితే షావుకారు చొక్కా గుండీలు కూడా లెక్కకొస్తాయి. సిద్ధిరాములు మాత్రం కనిపించడు.

"నీ పేరు ఎందుకు ఎయ్యలేదు?" అని భార్య లలితమ్మ అడిగింది.

"బట్టకు అంచుంటది, పేరుండదు," అన్నాడు. అన్నాడే గాని ఆ మాట గొంతులో చేపముల్లులా ఇరుక్కుపోయింది. మరుసటేడు పెళ్ళాన్నీ, బిడ్డ వాసంతినీ వెంటబెట్టుకుని, మగ్గం విప్పి బండికెత్తి, హయత్‌నగర్ మీదుగా దిల్‌సుఖ్‌నగర్ చేరాడు. పెంకుటిల్లు కిరాయికి తీసుకున్నాడు. ఇంటాయన గడ్డం పట్టుకుని బతిమాలి, ముందుగదిలో నేల తవ్వి మగ్గం దింపాడు. అప్పటికి దిల్‌సుఖ్‌నగర్ సగం బస్తీ, సగం జొన్నచేను. ఇప్పుడు ఎల్.బి. నగర్ కూడలి అని బస్సులన్నీ ఆగి అరిచే తావులో తుమ్మచెట్లూ, ఒక చాయ్ దుకాణమూ ఉండేవి.

గోడకు అవతలి వాటాలో పట్టాభి ఉండేవాడు. రేపల్లె వైపు మనిషి, సర్కారు హైస్కూల్లో సైన్సు మాస్టరు. సాయంత్రం బడి నుంచి వచ్చి, మగ్గం గుంట గట్టు మీద కూర్చుని, కాళ్ళు ఊపుతూ ఆకాశం కబుర్లు చెప్పేవాడు. సోవియట్ వాళ్ళ తెలుగు మాసపత్రిక ఆయనకు పోస్టులో వచ్చేది. అందులో ఒకనాడు లూనా తొమ్మిది బొమ్మ వచ్చింది. చంద్రుడి నేల మీద పగలకుండా దిగిన మొదటి యంత్రం అది. గుండ్రని కాయ, నాలుగు రేకులుగా విచ్చుకుని, నడుమ నుంచి సన్నని కొమ్మలు పైకి చాచి నిలబడి ఉంది.

సిద్ధిరాములు అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడె ఆపి చూశాడు. "కలువపువ్వు లెక్కున్నది సారూ."

"పువ్వేనండీ. కానీ ఈ ఒక్క పువ్వు పూయడానికి ఎన్ని మొగ్గలు రాలాయో తెలుసా? దీని ముందటేడు వరసగా పంపినవన్నీ పోయాయి. ఒకటి వెళ్ళి వేగంగా గుద్దుకుంది. ఇంకోటి చంద్రుణ్ణే తప్పిపోయి ఎటో పోయింది. తర్వాతవీ గుద్దుకున్నవే."

"అమెరికావోళ్ళయి?"

"వాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? ఫోటోలు తీయమని ఒకదాన్ని పంపితే, అనుకున్న చోటికే వెళ్ళి పడింది. కెమెరా మాత్రం కళ్ళు తెరవలేదు. ఒక్క ఫోటో తీస్తే ఒట్టు."

"మా మేనమామ గిట్లనే కాశికి పోయొచ్చిండు," అన్నాడు సిద్ధిరాములు నాడె వదులుతూ. "ఏం జూసినవ్ మామా అంటే, రైల నిద్రవట్టింది బిడ్డా అన్నడు."

పట్టాభి గట్టు మీద నుంచి జారిపడేటంత నవ్వాడు. నవ్వు తగ్గాక, అంత దూరం పోయిన యంత్రాన్ని ఇక్కడినుంచి చేయిపెట్టి సరిచేయలేమనీ, చివరి గడియలో ఏం జరగాలో చాలావరకు ముందే దాని కడుపులో పెట్టి పంపుతారనీ, పెట్టినదాంట్లో చిన్న పొరపాటున్నా చూస్తూ కూర్చోవడమే మిగులుతుందనీ చెప్పాడు. ఆ మాట సిద్ధిరాములుకు విడమరచి చెప్పనక్కరలేకపోయింది. పోగు రంగులో మునిగాక కట్టినవాడి చేతిలో ఏముంటుంది గనక.

మాస్కోలో జరిగే చేనేత ప్రదర్శనకు నమూనాలు కావాలని కబురు వచ్చింది తర్వాత కొన్నేళ్ళకు, అరవైతొమ్మిది మొదట్లో. నగరంలో నమూనాలు ఎంపిక చేసే ఆఫీసు ఒకటి ఉండేది. దాని అధికారి చక్రపాణి. సిద్ధిరాములును నిలబెట్టే మాట్లాడినా, మర్యాదగానే మాట్లాడాడు.

"పువ్వులు, చిలుకలు ఒద్దు. అవి చూసి చూసి వాళ్ళకు యాష్టకొచ్చింది. కొత్తది తే. వాళ్ళ మనసు గెలిచేది తే."

"సారూ, నచ్చితే పేరు ఎవరిదేస్తరు?"

చక్రపాణి తలెత్తి చూశాడు. ఇటువంటి ప్రశ్న అంతకు ముందెవరూ వేసినట్టు లేదు. "నేసినోనిదే. కావాలంటే బట్టమీదనే నేసుకో. ఎవడొద్దంటడు?"

ఆ రోజు సిద్ధిరాములు బస్సెక్కడం మరిచిపోయి నడిచే ఇల్లు చేరాడు. బట్టమీదనే పేరు. ఎవరి చొక్కా గుండీల వెనకా దాగక్కరలేని పేరు. లూనా నేస్తానని గోడ మీదుగా పట్టాభికి కేకవేసి చెప్పాడు. పట్టాభి గళ్ళ కాగితం తెచ్చి, ఒక్కో గడికి ఒక్కో పోగు గుత్తి చొప్పున లెక్కకట్టి, కాయనూ, రేకులనూ, కొమ్మలనూ గీసి ఇచ్చాడు. పక్కన ఎర్ర సిరాతో ఒక బాణం గీసి "పై వైపు" అని రాశాడు.

"గిదెందుకు సారూ?"

"ఏది పైనో తెలియాలిగా అండీ."

సిద్ధిరాములు నవ్వి ఊరుకున్నాడు. చిటికిలో పై కింద అన్న పట్టింపు అతడి తాతల నాడే లేదు. పువ్వును ఎటునుంచి చూసినా పువ్వే. పడుగును, అంటే నిలువు పోగులను, మడిచి కడితే ఒక్క ముడితో అన్ని మడతల్లోనూ పువ్వు పడుతుంది. మడత మడతకూ పువ్వు తిరగబడుతుందని ఎవరూ పట్టించుకోరు, తిరగబడ్డట్టు కంటికి తెలియదు గనక. గడియారాల రుమాలు కట్టినప్పుడు మాత్రం అతడు జాగ్రత్త పడ్డాడు. పడుగును మడవకుండా పోచంపల్లి వీధి పొడవునా పరచి, ఒక్కో గడియారం తల ఎటుందో నడుస్తూ చూసుకుంటూ కట్టాడు. ఇక్కడా అలాగే సందు పొడవునా పరచుకోవచ్చుననే అనుకున్నాడు.

ఆ ఏడు సందులు ఎవరి చేతిలో ఉన్నాయో అతడికి తట్టలేదు.

తెలంగాణ కుర్రవాళ్ళు కాలేజీలు వదిలి రోడ్డెక్కారు. వాళ్ళు అడిగిందేమిటి? మా నేల మీది ఉద్యోగాలు మాకివ్వండి, పెద్దలందరూ కూర్చుని సంతకాలు చేసిన ఒప్పందాన్ని అమలు చేయండి. సంతకాలున్న కాగితాన్ని చూపించి అడిగినవాళ్ళకు తుపాకీ గుళ్ళు జవాబిచ్చాయి. ఎంతమంది పోయారన్నదానికి సర్కారు లెక్క ఒకటి, జనం లెక్క మరొకటి. ఆ రెండు లెక్కల మధ్య ఉన్న తేడా అంతా మనుషులే.

వాసంతి అప్పుడు పీయూసీ చదువుతోంది. కాలేజీ మూతబడ్డాక ఊరేగింపుల్లో తిరిగి, గొంతు పోగొట్టుకుని ఇంటికి వచ్చేది. ఒక పొద్దున పట్టాభి వాటా గోడ మీద తారుతో పెద్ద పెద్ద అక్షరాలు కనిపించాయి. వెళ్ళిపొమ్మని.

సిద్ధిరాములు బిడ్డ వైపు చూశాడు. "నేను రాయలే నాయినా," అంది.

"రాసినోళ్ళు నీ దోస్తులే గద."

"అందరు నా దోస్తులేనా? సారంటే నాకు కోపం లేదు. సారు కూసున్న కుర్సీ మీదనే కోపం. ఆ కుర్సీ మనోళ్ళకు రావాలె."

"కుర్సీకి కాళ్ళుంటయ్ బిడ్డా, పెండ్లాం పిల్లలుండరు."

వాసంతి లేచింది. బొగ్గూ సున్నమూ తెచ్చి తండ్రితో పాటు అక్షరాల మీద పూసింది. తారు మాత్రం పోలేదు. సున్నం ఆరేకొద్దీ అక్షరాలు మళ్ళీ పైకి తేలాయి.

వేసవి సెలవులు వచ్చాయి. పట్టాభి భార్య అమ్మాజీ పిల్లల్ని పొదివి పట్టుకుని రెండు రాత్రులు నిద్రపోలేదు. మూడోనాడు సామాను కట్టారు. అమ్మాజీ లలితమ్మ చేతిలో ఆవకాయ జాడీ పెట్టి, "వదినగారూ, తడి చెయ్యి పెట్టకండి, మేం వచ్చేదాకా ఉంటుంది," అంది. పట్టాభి తన రేడియో తెచ్చి మగ్గం పక్క గూట్లో ఉంచాడు.

"ప్రయాణంలో పగిలిపోతుంది. మీ దగ్గరుంటే భద్రం. బడి తెరిచేసరికి వచ్చేస్తాం."

"గోడ మీది రాత మా పిల్ల రాయలేదు సారూ."

"తెలుసండీ," అన్నాడు పట్టాభి. రిక్షా ఎక్కాక వెనక్కి తిరిగి, "బాణం మాత్రం మర్చిపోకండి," అన్నాడు. ఇద్దరికీ నవ్వు రాలేదు.

జూన్‌లో నగరం అంటుకుంది. కర్ఫ్యూ పెట్టారు. సిద్ధిరాములు ఒక పొద్దున సందులో గుంజలు పాతి పడుగు పరచబోతే కానిస్టేబులు లాఠీ ఊపుకుంటూ వచ్చాడు.

"ఏయ్, ఏంది గిది? తీసెయ్. నలుగురు ఒక్కతాన కూడొద్దని ఆర్డరున్నది ఎర్కలేదా?"

"దారాలు గూడ కూడొద్దా సారూ?"

కానిస్టేబులుకు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. "మస్కిరీ చెయ్యకు. జీపొస్తే దారం దారం తెంపుతరు. ఇంట్ల కట్టుకో పో."

ఇంట్లో ఎంత చోటుందని? మగ్గం ఉన్న గది పోగా మిగిలింది పడుకునే గది ఒక్కటే. ఎదురెదురు గోడలకు మేకులు దిగ్గొట్టాడు. పడుగును ఇటునుంచి అటూ, అటునుంచి ఇటూ తిప్పి, నాలుగు మడతలుగా బిగించాడు. తనూ లలితమ్మా నేల మీద కూర్చుని, సైకిల్ ట్యూబు రబ్బరును సన్నగా కోసిన పట్టీలతో ముడి మీద ముడి వేశారు. వాసంతి గళ్ళ కాగితం చూసి గడులు చదివింది. ఎర్ర బాణం ఎదురుగానే ఉంది. పై వైపు ఎటో ముగ్గురికీ తెలుసు. మొదటి మడత పైవైపును చూసే కట్టారు. కింది మడత వెనక్కి తిరిగి వచ్చిన మడత అన్న సంగతి, బయట లాఠీల చప్పుడు వింటూ, తలుపు సందులోంచి వచ్చే వెలుతురులో ముడులు వేస్తున్న ఆ ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. తరతరాల చేయి తనకు అలవాటైన దారినే నడిచింది.

రంగు ముగిసింది. ముడులు విప్పారు. కర్ఫ్యూ సడలించిన పూట, చప్పున వెళ్ళి సందులో పడుగు విప్పి సాగదీశారు. లలితమ్మ పోగుల మీద చేయి వేసి నిమురుతూ నడిచి, ఒకచోట ఆగిపోయింది.

"ఏందయ్యా గిది? గీ పువ్వు నిలబడ్డది. గా పువ్వు తలకింద వెట్టింది."

సిద్ధిరాములు అటు నడిచాడు, ఇటు నడిచాడు. మొదటి వరసలో ప్రతి లూనా రేకులు విప్పి, కొమ్మలు పైకి చాచి నిలబడి ఉంది. రెండో వరసలో తల నేలకు కొట్టుకుని, రేకులు ఆకాశంలో తన్నుకుంటున్నాయి. మూడోది నిలబడింది. నాలుగోది పడింది. పడుగు పక్కనే కూలబడ్డాడు. కట్టిన ముడిని విప్పవచ్చు. ఎక్కిన రంగును దించగలిగినవాడు ఇంకా పుట్టలేదు.

మళ్ళీ కడదామంటే నూలేదీ? నూలు పోచంపల్లి నుంచి రావాలి. హయత్‌నగర్ దాకా కూడా బస్సుల్లేవు. రంగు దుకాణానికి తాళం. చక్రపాణి పెట్టిన గడువు నెత్తిమీదికి వచ్చేసింది. లలితమ్మ అతడి పక్కన కూర్చుంది.

"సారు ఏం జెప్పేటోడు? పడ్డయి పడంగ ఒకటి నిలబడ్డదనే గద. గదే నేసినవనుకో."

"నేనేమనుకుంటే ఏందే? సూసేటోళ్ళు ఏమనుకుంటరు?"

"నెయ్యకుంటే ఏమీ అనుకోరు. నువ్వున్నవని గూడ అనుకోరు."

ఆ మాటకు లేచాడు. మగ్గానికెక్కించాడు. ప్రతి వరస కిందా చంద్రుడి నేల గుర్తుగా బూడిదరంగు పట్టీ ఒకటి అడ్డపోగుతో నేశాడు. నిలబడ్డ లూనా ఆ బూడిద మీద నిలబడింది. పడ్డ లూనా ఆ బూడిదలో తల దూర్చింది. వద్దనుకుంటే ఆ పట్టీ నేయకుండా వదిలేయవచ్చు, తలకిందుల సంగతి కొంత మరుగున పడేది. వదలలేదు. పడింది పడినట్టే ఉండనిమ్మన్నాడు. చిట్టచివర, నాలుగో పట్టీ కింద, వాసంతి కాగితం మీద రాసిచ్చిన అక్షరాలను చూసుకుంటూ, ఎర్ర నూలుతో తన పేరు నేశాడు. పేరు తిన్నగా, నిటారుగా వచ్చింది. లలితమ్మ దాని మీద పసుపు చుక్క పెట్టబోతే చేయి పట్టి ఆపాడు. "మరక పడ్తది."

జూలై నడిమిలో బట్ట తీసుకుపోయి చక్రపాణికిచ్చాడు. ఆయన మడత విప్పకుండానే అలమారలో పెట్టి, "చూస్తం, వారం తర్వాత రా," అన్నాడు.

ఆ వారం ప్రపంచమంతా చంద్రుడి వైపే చూసింది. మనుషులు కూర్చున్న అమెరికా వాహనం బయలుదేరింది. వాళ్ళకంటే ముందే బయలుదేరిన సోవియట్ వాళ్ళ లూనా పదిహేను, మనిషి లేని యంత్రం, చంద్రుడి చుట్టూ తిరుగుతోందని రేడియో చెప్పింది. అది ఎందుకు పోయిందో, దిగుతుందో దిగదో పంపినవాళ్ళు పెదవి విప్పలేదు. సిద్ధిరాములు ఖాళీ మగ్గం ముందు కూర్చుని, పట్టాభి రేడియోకు చెవి ఆనించి, ప్రతి వార్తలోనూ దానికోసమే వెతికాడు. అందరూ ఆ ముగ్గురు మనుషుల క్షేమం కోరుకుంటుంటే, అతడు ఆ యంత్రం క్షేమం కోరుకున్నాడు. అది దిగితే తన బట్టలో నిలబడ్డ వరసలకు బలమొస్తుంది. పడితే పడ్డ వరసలకు సాక్ష్యమొస్తుంది. ఏదైనా తనకు మంచిదేననుకున్నాడు పాపం.

సోమవారం పొద్దున మనుషులు చంద్రుడి మీద నడిచారు. చాయ్ దుకాణం దగ్గర మిఠాయి పంచారు. జై తెలంగాణ అన్నవాళ్ళూ తిన్నారు, లాఠీలు పట్టుకున్నవాళ్ళూ తిన్నారు. మర్నాటి వార్తల్లో, అన్నిటి చివర, లూనా పదిహేను తన కార్యక్రమం ముగించుకుని చంద్రుడి ఉపరితలాన్ని చేరుకుందని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నారు. నిజానికి అది దిగలేదు, కొండను గుద్దుకున్నట్టుగా గుద్దుకుని తునకలైంది. పడినదాన్ని పడిందని ఒప్పుకోవడం ఏ సర్కారుకూ చేతకాదు. అంతకు ముందు కూడా, చంద్రుడికని బయలుదేరి భూమి చుట్టూనే చిక్కుకుపోయిన యంత్రాలకు కాస్మోస్ అని వేరే పేరు తగిలించి, అసలు అవి చంద్రుడికి బయలుదేరనే లేదన్నట్టు చూపించారు. ఆ సంగతి చెప్పే కాగితాలు తర్వాత ఎన్నో ఏళ్ళకు గాని బయటపడలేదు.

దిగిందనకుండా చేరుకుందన్నారంటే పడినట్టేనని పోల్చుకుని, రేడియో మాట విన్న పూటే సిద్ధిరాములు బయలుదేరాడు. బస్సుల్లేవు. మలక్‌పేట మీదుగా, చాదర్‌ఘాట్ వంతెన దాటి, నడిచి పోయాడు. దారి పొడవునా నోట్లో ఒకటే మాట కూడబెట్టుకున్నాడు. నిన్ననే ఒకటి పడ్డది సారూ, నా బట్టలో ఉన్నది అబద్ధం కాదు.

చక్రపాణి బల్ల మీద రెండు గుడ్డ ముక్కలున్నాయి. సిద్ధిరాములు తన నేతను దూరంనుంచే గుర్తుపట్టాడు. అంచుల దగ్గర కత్తెర కొరికిన పోగులు వేలాడుతున్నాయి.

"కూసో సిద్ధిరాములూ," అన్నాడు చక్రపాణి. ఆ రోజు కూర్చోమన్నాడు. "పెద్దసారు చూసిండు. ఏంది గిది, మిత్రదేశపు యంత్రాన్ని తలకిందులు జేసిండు, వాళ్ళ ముంగట మన ఇజ్జత్ తీస్తడా అని గరమైండు. మొత్తం పక్కన పడేస్తుండె. నేనే అడ్డం పడ్డ. మంచిగున్న రెండు వరసలు కోసి, కలిపి కుట్టిచ్చిన. నిన్ననే పెట్టెల పోయింది. నీ పని మాస్కో పోతున్నది. సంతోషపడు."

సిద్ధిరాములు ముక్కలను చేతిలోకి తీసుకున్నాడు. రెండూ పడ్డ వరసలే. రెండో ముక్క కింద ఎర్ర నూలుతో తన పేరు.

"పేరు సారూ?"

"అగో, పేరు నువ్వు కింద నేసినవ్. కింది వరస పనికిరాకపాయె. పేరు దాంతోనే పాయె. నేనేం జెయ్యాలె?"

"పోయిన బట్ట మీద ఎవరి పేరున్నది?"

"ఆఫీసు చీటీ అంటిచ్చినం. హైదరాబాద్ నేత అని. హైదరాబాద్ నీది కాదా?"

సిద్ధిరాములు దారి పొడవునా కూడబెట్టుకున్న మాటను తీశాడు. "సారూ, నిన్న లూనా పడ్డది. రేడియోల జెప్పిండ్రు. నేను నేసింది తప్పు కాదు."

"నేను గూడ విన్న. పడ్డదన్నరా? చేరిందన్నరు." చక్రపాణి గొంతులో వెక్కిరింపు లేదు, బడలిక మాత్రమే ఉంది. "చూడు, నాకు అర్థమైతది. కానీ పెట్టె సీలేసినం. ఇగ నా చేతుల లేదు."

ఎవరి చేతుల్లో ఉందని అడగాలనిపించింది. అడిగితే ఇంకొకరి పేరు చెబుతాడు. అక్కడికి పోతే ఆయన మరొకరి పేరు చెబుతాడు. ముక్కలను మడిచి, చంకలో పెట్టుకుని, నమస్కారం పెట్టి వచ్చేశాడు.

ఇంట్లో వాసంతి గుమ్మంలోనే నిలబడి ఉంది. ముక్కలు చూసింది. ముఖం ఎర్రబడింది.

"కోసినోడు ఆంధ్రోడా?"

"కాదు బిడ్డా. మనోడే. నల్లగొండ."

వాసంతి లోపలికి పోయింది. కోపానికి తలుపు తెరిచి పెట్టుకుని ఉన్న పిల్ల, ఆ కోపం ఎటు పోవాలో తెలియక గదిలో ఒక మూల కూర్చుంది. లలితమ్మ తెగిన పోగులను ఒక్కొక్కటే ముడివేసింది. ముడివేయకపోతే నేత ఊడిపోతుంది.

చలికాలం మొదట్లో బళ్ళు తెరిచాక పట్టాభి ఒక్కడే తిరిగొచ్చాడు. గోడ మీది తారు వెలిసింది, పోలేదు. చేతిసంచీ వాకిట్లో పెట్టి నేరుగా మగ్గం దగ్గరికే వచ్చాడు. సిద్ధిరాములు గూట్లోంచి రేడియో తీసి ఇచ్చాడు. ఆవకాయ జాడీ లలితమ్మ ముట్టకుండానే ఉంచింది. ఆ తర్వాత, పట్టాభి అడగకముందే, సిద్ధిరాములు రెండో ముక్క తీసి చేతికిచ్చాడు. జరిగినదంతా నాలుగు మాటల్లో చెప్పాడు.

పట్టాభి వరసను వేళ్ళతో తడిమాడు. ఎక్కడ ఏ గడిలో ఏ పోగుందో ఆయన వేళ్ళకు ఇంకా గుర్తుంది.

"నేనుండవలసిందండీ. ఉంటే ఆ ఆఫీసరుకు నేను చెప్పేవాణ్ణి. పడ్డవీ చరిత్రే అని."

"చెప్పినా గదే అయ్యేటిది సారూ. మీరు జెప్తే, ఆంధ్ర సారు జెప్పిండని ఇంకింత గరమయ్యేటోళ్ళు."

పట్టాభి ముక్కను వెలుతురు వైపు ఎత్తి, కింది అంచు పైకి వచ్చేటట్టు తిప్పి పట్టుకున్నాడు. తలకిందుల లూనాలన్నీ ఒక్కసారిగా నిలబడ్డాయి. రేకులు విప్పి, కొమ్మలు పైకి చాచి, బూడిద పట్టీని ఆకాశంలా నెత్తిన పెట్టుకుని నిలబడ్డాయి.

"ఇదిగో చూడండి. ఇలా గోడకు తగిలించండి. అన్నీ సరిగ్గా దిగినట్టేగా."

సిద్ధిరాములు చూశాడు. పైన, ఆ బూడిద ఆకాశానికి ఆవల, ఎర్ర నూలుతో నేసిన తన పేరు తల కిందికి వేలాడుతోంది.

"గట్ల పట్టుకుంటే నేను పడ్తున్న సారూ," అన్నాడు.

పట్టాభి చేతుల్లోంచి ముక్కను తీసుకుని, మళ్ళీ తిప్పి, పేరు నిటారుగా వచ్చేటట్టు, మగ్గం ఎదుటి గోడకు రెండు మేకులు కొట్టి తగిలించాడు. పడుగు నాలుగు మడతలుగా బిగించిన నాటి మేకులే పీకి తెచ్చాడు. పైన లూనాలన్నీ బూడిదలో తలలు దూర్చి ఉన్నాయి. కింద పేరుంది. దాన్ని చూస్తూ గుంటలోకి దిగి, కాళ్ళు తొక్కుడు కర్రల మీద పెట్టి, పువ్వుల చీర నేయడం మొదలుపెట్టాడు. నూలు మళ్ళీ షావుకారిదే. ఆ చీర మీద పేరుండదు.